‘అమారే’కి నేను చెప్పిన అర్థం

నేను రిటైరవడానికి ఏడాది ముందు, జూలై నెల రెండో మంగళవారం ఉదయం పది గంటలకు, మెల్‌బోర్న్ ఆగ్నేయ శివార్లలోని ఒక ఏజ్డ్ కేర్ హోమ్‌లో, అంటే వృద్ధుల సంరక్షణ కేంద్రంలో, నాకు పని పడింది. నాకు పనులు ఇచ్చే ఏజెన్సీ పంపిన బుకింగ్ సందేశంలో ఉన్న వివరాలు కొద్దే. భాష ఫ్రెంచ్. వ్యవధి ఒక గంట. సందర్భం వైద్య పరీక్ష. మనిషి పేరు ఓర్తాన్స్, వయసు ఎనభై నాలుగు. ఆ హోమ్ కేరమ్ డౌన్స్ గుడికి వెళ్లే దారిలోనే ఉంది. దాని ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లాను గాని, లోపల అడుగు పెట్టడం అదే మొదటిసారి.

నా వృత్తి దుబాషీ పని. ఇక్కడ ఇంటర్‌ప్రెటర్ అంటారు. మాది యానాం. మా నాన్నగారు ఫ్రెంచివాళ్ల కాలంలో అక్కడి కచేరీలో గుమాస్తాగా చేశారు. ఇంట్లో తెలుగు, కాగితం మీద ఫ్రెంచ్. నేను పుదుచ్చేరిలో చదివి, కాకినాడలో కొన్నేళ్లు ఫ్రెంచ్ పాఠాలు చెప్పి, పెళ్లయ్యాక ఆస్ట్రేలియా వచ్చాను. జాతీయ అర్హత పరీక్ష రెండు భాషల్లోనూ రాసి కార్డు తెచ్చుకున్నాను. తెలుగు పని ఎక్కువగా వెర్రిబీ వైపు ఆస్పత్రుల నుంచి, ఫోన్ మీద వచ్చేది. ఫ్రెంచ్ పని మాత్రం ఫ్రాన్సు వాళ్ల నుంచి వచ్చింది చాలా తక్కువ. పిలిచేవాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా వాళ్లు, లేదా హిందూ మహాసముద్రంలోని దీవులవాళ్లు. మారిషస్, సీషెల్స్, రియూనియన్ దీవుల్లో మాట్లాడే భాషలను క్రియోల్ అంటారు. మూడు వందల ఏళ్ల కిందట ఫ్రెంచ్ నావికులు, వాళ్లు బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులు కలిసి బతకాల్సివచ్చినప్పుడు పుట్టిన భాషలవి. ఒక్కో దీవిది ఒక్కో తీరు. బుకింగ్ చేసేవాళ్లకు ఈ తేడాలు పట్టవు. అన్నిటికీ ఫ్రెంచ్ అనే రాస్తారు. వెళ్లాకే తెలుస్తుంది, అది ఏ ఫ్రెంచో.

డాండెనాంగ్‌లో మా పక్కింటివాళ్లు మారిషస్ మనుషులు కావడం వల్ల క్రియోల్ నాకు వాడుకలో అబ్బింది. రియూనియన్ క్రియోల్ కొంత పుస్తకాల్లోంచి, కొంత అక్కడి మనుషుల పనులు చేస్తూ నేర్చుకున్నాను. ఒక్కో ఫ్రెంచ్ మాట ఏ దీవిలో ఏ అర్థానికి తిరిగిందో రాసుకునే నోటుపుస్తకం నాకుండేది. తోటి దుబాషీలు సందేహం వస్తే నాకు ఫోన్ చేసేవారు. అది నాకు గర్వంగా ఉండేదని ఒప్పుకోవాలి.

జూలై ఇక్కడ నడి చలికాలం. ఆ మంగళవారం హోమ్‌లో ఫ్లూ ఉందని సిబ్బంది అందరూ మాస్కులు వేసుకున్నారు. నాకూ ఒకటి ఇచ్చారు. గుమ్మం దగ్గర సీనియర్ కేరర్ లిండా ఎదురొచ్చింది. కేరర్ అంటే వృద్ధులకు స్నానం చేయించడం, తినిపించడం, లేవదీయడం వంటి పనులు చూసే మనిషి. సీనియర్ కేరర్ వాళ్ల మీద అజమాయిషీ చేస్తుంది. లిండా నడుస్తూనే నాకు విషయం చెప్పడం మొదలుపెట్టింది. ఓర్తాన్స్‌కి మతిమరుపు ముదిరింది, వచ్చిన కాస్త ఇంగ్లిష్ పోయింది, రోజూ ‘ఆర్వో’ అయ్యేసరికి, అంటే ఇక్కడి వాడుకలో మధ్యాహ్నం దాటాక, కేకలు పెడుతుంది, దయ్యాలు కనిపిస్తున్నట్టుంది అని. పని మొదలవకముందు ఇలాంటి మాటలు వినకూడదని మా నియమం. మనసులో ఒక బొమ్మ పడిపోతుంది. నేను మర్యాదగా ఆపి ఉండవచ్చు. ఆపలేదు.

గదిలో వైద్యురాలు ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. వృద్ధుల జబ్బులు చూసే స్పెషలిస్టు, వారంలో ఒకసారి వస్తుంది. కిటికీ పక్క ఎత్తు చేతుల కుర్చీలో ఓర్తాన్స్ ఉంది. ఎముకల గూడులాంటి మనిషి. నీలం స్వెటర్ చేతులు వేళ్ల దాకా లాక్కుని కూర్చుంది. తలుపు దగ్గర మరో కేరర్ నిలబడింది. మనమ్మాయే. ముప్ఫై లోపు వయసు. బ్యాడ్జి మీద స్రవంతి అని ఉంది.

నియమం ప్రకారం నేను ఎవరో రెండు భాషల్లో చెప్పాను. ఇక్కడ విన్నది బయట చెప్పనని, ఎవరి పక్షమూ వహించనని, ఇద్దరి మాటా ఉన్నదున్నట్టు చెబుతానని. దుబాషీ ‘ఆమె అంటోంది’ అని చెప్పకూడదు. ఆమె ‘నేను’ అంటే మేమూ ‘నేను’ అనే చెప్పాలి. మా సొంత మాట చెప్పాల్సివస్తే మాత్రం ‘దుబాషీ చెబుతున్నది ఏమిటంటే’ అని విడిగా చెప్పాలి.

రెండు వాక్యాలకే అది రియూనియన్ క్రియోల్ అని పోల్చుకున్నాను. ఆమె పుట్టింది ఆ దీవిలోనేనట. మారిషస్ మనిషిని చేసుకుని, అతనితో ఈ దేశం వచ్చింది. అతను పోయాడు, పిల్లలు లేరు. పెర్త్‌లో ఉన్న మేనకోడలు ఫోన్‌లోనే కాగితాలకు ఒప్పుకుంటుంది. ఆ గదిలో ఓర్తాన్స్ మాట అర్థమయ్యే మనిషిని నేనొక్కదాన్నే.

మధ్యాహ్నాలు ఎందుకు అరుస్తున్నారని వైద్యురాలు అడిగింది. ఓర్తాన్స్ తలుపు వైపు చూసి, గొంతు బాగా తగ్గించి అన్నది.

“మ్వే లే అమారే.”

నేను ఇంగ్లిష్‌లో చెప్పేలోపే ఇంకో మాట కలిపింది. చేసింది ముఖం లేని ఆడది అని. అది చెబుతూ ఓర్తాన్స్ రెండు మణికట్లూ దగ్గరకు చేర్చి పైకెత్తింది.  “లార్గ్ ఆమ్వే, లార్గ్ ఆమ్వే” అని రెండుసార్లు అన్నది. నన్ను వదలండి అని.

ఈ ‘అమారే’ ఫ్రెంచ్‌లో ‘అమారే’ అనే క్రియ నుంచే వచ్చింది. దాని పుట్టుక డచ్చి నావికుల నోట. పడవను తాడుతో ఒడ్డుకు కట్టడం. ఫ్రాన్సులో చదువుకున్నవాళ్లు నేటికీ పడవకే ఆ మాట వాడతారు. కాని రేవుల నుంచి ఓడలెక్కి వెళ్లిన జనం దాన్ని నేల మీదికి తీసుకుపోయారు. నార్మండీ తీరంలో ముసలివాళ్లు ఆవును అమారే చేస్తారు. కెనడాలోని అకాడియా వాళ్లు, అమెరికాలోని లూసియానా వాళ్లు బూటు తాడును అమారే చేస్తారు. హైతీలో మేకను, మారిషస్‌లో మూటను. రియూనియన్‌లో ఇవన్నీ ఉన్నాయి, ఇంకొకటి అదనంగా ఉంది. అక్కడ మంత్రం పెట్టి మనిషిని వశం చేసుకోవడాన్ని కూడా అదే మాటతో చెబుతారు. తెలుగులోనూ మనకు అలాగే ఉంది గదా. పాము నోరు కట్టాడంటాం. ఫలానావాడు మంత్రం వేసి కట్టేశాడంటాం. యానాంలో చిన్నప్పుడు ఆ మాట వింటే భయపడి ఇంట్లోకి పరుగెత్తేదాన్ని.

ముఖం లేని ఆడది అన్న మాటతో ఆ పాత భయం నా ఒంట్లోకి వచ్చింది. లిండా చెప్పిన దయ్యాలు ఎలాగూ మనసులో ఉన్నాయి. నేను ఆలోచించింది ఒక్క క్షణమే.

“నాకు చేతబడి చేశారు, చేసింది ముఖం లేని ఆడది, నన్ను వదలండి” అని ఇంగ్లిష్‌లో చెప్పాను. అంతటితో ఆగలేదు. “దుబాషీ చెబుతున్నది ఏమిటంటే, ఈ మాట రియూనియన్ దీవిలో మంత్రంతో కట్టివేయడానికి వాడతారు” అని కలిపాను.

వైద్యురాలు కృతజ్ఞతగా తలెత్తి చూసి, ఇది చాలా ఉపయోగపడే సమాచారం అన్నది. నాకు సంతోషం కలిగింది. ఆమె టైపు చేస్తున్న కీబోర్డు చప్పుడు వింటూ, ఈ సూక్ష్మం నేను కాక ఇంకెవరు చెప్పగలరు అనుకున్నాను.

పరీక్ష ముగిసేసరికి నిర్ణయం అయిపోయింది. చేతబడి జరిగిందన్న భ్రమ, మనుషులు పీడిస్తున్నారన్న అనుమానం. ఆ రోజు నుంచే మధ్యాహ్నం భోజనంతో ఒక మత్తు మాత్ర. రెండు వారాల్లో తగ్గకపోతే తాళం వేసి ఉంచే విభాగానికి మార్పు. ఇదంతా నేను ఓర్తాన్స్‌కి చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. నీళ్లలో మునిగే మనిషి ఒడ్డున నిలబడ్డవాళ్లను చూసే చూపు. నేను ఫైలు సర్దుకుని లేచాను.

కారు దగ్గరికి వస్తుంటే వెనక పరుగెత్తుకొస్తున్న చప్పుడు. స్రవంతి. మాస్కు గడ్డం కిందికి లాగింది.

“ఆంటీ, మీరు తెలుగోళ్లే కదా? నేను హన్మకొండ. ఒక్క నిమిషం ఆంటీ. ఆమె ఏమన్నది?”

“చెప్పకూడదమ్మా. అది మా రూలు.”

“అది కాదాంటీ. ఆమె చేతులు ఇట్ల లేపింది కదా.” ఆ పిల్ల తన మణికట్లు రెండూ దగ్గరకు చేర్చి చూపించింది. “డాక్టర్ చూడలే. ఆమె స్క్రీన్ దిక్కే చూస్తున్నది. మీరు చెప్పిన్రా?”

మాటలే మేం చెబుతామని, సైగలు ఎవరి కళ్లతో వాళ్లే చూసుకోవాలని అన్నాను. అది నిజమే. మా శిక్షణలో చెప్పేది అదే.

స్రవంతి భవనం వైపు తిరిగి చూసింది. “నేనేం చూడలే ఆంటీ. నేనేం అన్లేదు మీతోని. నా పీఆర్, పర్మనెంట్ వీసా అప్లికేషన్ నడుస్తుంది, స్పాన్సర్ వీళ్లే. జాబ్ పోతే వీసా పోతది. మా ఆయనది నా మీద డిపెండెంట్ వీసా. ప్లీజ్, నేను మాట్లాడినట్టు ఎవ్వరికీ తెల్వద్దు.” అంటూనే మాస్కు పైకి లాక్కుంది. కళ్లు మాత్రమే మిగిలాయి. వచ్చినంత వేగంగా వెళ్లిపోయింది.

నేను కారు తాళం చేతిలో పట్టుకుని ఆ కళ్లనే తలచుకుంటూ నిలబడిపోయాను. మాస్కు వేసుకున్నాక ఆ పిల్ల ముఖం నాకు గుర్తు రావడం లేదు. ముఖం లేని ఆడది.

ఇంటికి ఎలా నడుపుకొచ్చానో తెలియదు. నోటుపుస్తకం తీశాను. ‘అమారే’ కింద నా చేతిరాతే ఉంది: కట్టడం, తాడుతో, కట్టడం, మంత్రంతో. మొదటి అర్థమే వాడుకలో ఎక్కువని పక్కన నేనే రాసుకున్నాను. ఆ మొదటి అర్థం పెట్టి ఆమె మాటలు వరసగా మళ్లీ చెప్పుకున్నాను. నన్ను కట్టేస్తున్నారు. ముఖం లేని ఆడది కట్టేస్తోంది. వదలండి. ఇందులో దయ్యం ఎక్కడా లేదు. మాస్కు వేసుకున్న ఒక మనిషి, ఒక ముసలామె, రెండు చేతులు.

వేళ్ల దాకా లాక్కున్న స్వెటర్ చేతులు అప్పుడు గుర్తొచ్చాయి. గదిలో హీటరు బాగానే పనిచేస్తోంది.

నాకు పట్టుకున్న భయం ఒకటి కాదు. ఆమె గురించి భయం ముందు వచ్చిందని రాసుకుంటే బాగుంటుంది గాని, ముందు వచ్చింది నా గురించే. దుబాషీ తప్పు చెబితే ఫిర్యాదు అవుతుంది, కార్డు మీద విచారణ జరుగుతుంది. ఇన్నేళ్ల పేరు ఒక్క మాటతో పోతుంది. పోనీ నేను ఊహించిందే తప్పయితే? నిజంగానే ఆమె చేతబడి గురించి చెప్పి ఉంటే, ఒక సంస్థ మీద లేని నింద వేసినదాన్నవుతాను. స్రవంతి పేరు ఎలాగో బయటపడితే ఆ పిల్ల బతుకు ఏమవుతుంది? ఇవన్నీ తిప్పి తిప్పి ఆలోచిస్తుండగా గోడ గడియారం రెండు దాటింది. మొదటి మాత్ర ఈపాటికి ఇచ్చేసి ఉంటారు. ఇంకాసేపట్లో ఆమె అరిచే వేళ అవుతుంది. ఇవాళ అరవదు. అరిచే శక్తి ఉండదు.

ఆ ఆలోచనతో ఏజెన్సీకి ఫోన్ చేశాను. మా నియమావళిలో స్పష్టంగా ఉంది. తన అనువాదంలో పొరపాటు జరిగిందని తెలిసిన దుబాషీ ఆలస్యం చేయకుండా సంబంధించినవాళ్లకు తెలపాలి. తెలపాల్సింది పొరపాటును మాత్రమే. ఎవరు ఏం చేసి ఉంటారన్న ఊహ మన పని కాదు. బుకింగ్ చూసే ఆవిడ మంచి మనిషే. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కదా, మీరే ఎందుకు తవ్వుకుంటారు, వచ్చే పరీక్షలో సరిచేయండి అన్నది. వచ్చే పరీక్ష రెండు వారాల తర్వాత. వైద్యురాలికి ఉత్తరం రాస్తానని, అది ఈరోజే చేరాలని పట్టుబట్టాను. ఆమె నిట్టూర్చి సరే అన్నది.

ఉత్తరం ఆరు వాక్యాలు. రాయడానికి గంటన్నర పట్టింది. ‘అమారే’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి; తాడు వంటిదానితో కట్టడం అన్నది వాడుకలో ప్రధానం, మంత్రంతో కట్టడం అన్నది రెండోది. నేను రెండోది మాత్రమే చెప్పాను. రెండూ చెప్పి, ఆమె అన్నది ఏ అర్థంలోనో ఆమెనే అడగడానికి అనుమతి కోరి ఉండాల్సింది. అలా చేయకపోవడం నా తప్పు. మళ్లీ పరీక్ష జరిపితే రుసుము లేకుండా వస్తాను. స్రవంతి గురించి, చేతుల గురించి ఒక్క మాట రాయలేదు. 

బుధవారం ఏ కబురూ లేదు. ఫోన్ మోగినప్పుడల్లా చేతిలో పని వదిలి పరుగెత్తాను. సాయంత్రం అయిదింటికి వైద్యురాలే చేసింది. ఉత్తరం అప్పుడే చూశానన్నది. ఆ తర్వాత చెప్పింది, మధ్యాహ్నం మాత్ర వేసుకున్నాక ఓర్తాన్స్ కుర్చీలోంచి లేవబోయి మంచం అంచు మీద పడిందట. నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. మాత్ర ఆపించానంది. రేపు మూడు గంటలకు రాగలరా, ఆమె అరిచే వేళకే వద్దాం అని అడిగింది. గొంతులో కోపం లేదు. అది నాకు మరీ కష్టంగా తోచింది.

గురువారం వెళ్లేసరికి ఓర్తాన్స్ అదే కుర్చీలో ఉంది. నుదుటి మీద తెల్ల పట్టీ, కన్ను కింద నీలం. మాత్రల మత్తు ఇంకా దిగలేదు. మాట ముద్దగా వస్తోంది. స్రవంతి తలుపు దగ్గరే ఉంది. నా వైపు చూడలేదు. వైద్యురాలు ఈసారి ల్యాప్‌టాప్ తెరవలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని ఓర్తాన్స్ ఎదురుగా కూర్చుంది.

నేను అనుమతి తీసుకుని ఆ మాట గురించి అడిగాను. అమారే అన్నారు మొన్న. దేనితో? మాటలతోనా, తాడుతోనా?

ఓర్తాన్స్ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. “గౌను నడికట్టుతో” అన్నది. “ఈ కుర్చీకి. ఇంకా దేనితో కడతారు?”

అదే ఇంగ్లిష్‌లో చెప్పాను. వైద్యురాలు ఎవరు, ఎప్పుడు అని అడగబోతుండగా తలుపు తెరుచుకుంది. టీ ట్రాలీ తోసుకుంటూ లిండా లోపలికి వచ్చింది. ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు. అంతా బాగుందా డార్లింగ్ అని తీయగా పలకరించింది.

ఓర్తాన్స్ చెయ్యి చప్పున వచ్చి నా ముంజేతిని పట్టుకుంది. ఆ వేళ్లలో అంత బలం ఉంటుందనుకోలేదు. నడుము నిటారుగా పెట్టి, బడిలో అప్పజెప్పే పిల్లలాగా, చక్కటి ఫ్రెంచ్‌లో అన్నది.

“తూ వా బియే, మదామ్. జె వూ రెమెర్సీ.”

అంతా బాగుందండీ, మీకు కృతజ్ఞతలు. నేను దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో చెప్పాను. చెప్పడం నా విధి. కాని అలా చెప్పి ఊరుకుంటే ఆ గదిలో నిజంగా జరిగినదాన్ని నేనే చెరిపేసినట్టవుతుంది. నియమాల్లో దుబాషీకి ఉన్న చోటు చాలా ఇరుకు. ఆమె భయపడుతోందని నేను అనకూడదు. అది నా అభిప్రాయం. కాని భాష విషయం మాత్రం నేను చెప్పవచ్చు.

“దుబాషీ చెబుతున్నది ఏమిటంటే” అన్నాను.  “ఇప్పటిదాకా ఆమె క్రియోల్‌లో మాట్లాడింది. ఈవిడ లోపలికి వచ్చిన తర్వాత చెప్పిన వాక్యం మాత్రం క్రియోల్ కాదు. పై అధికారులతో మాట్లాడే బడి ఫ్రెంచ్.”

వైద్యురాలు ఓర్తాన్స్‌ను చూసింది. నా ముంజేతి మీద ఉన్న వేళ్లను చూసింది. ఆ తర్వాత లిండా వైపు తిరిగి, బయట వేచి ఉండమని చెప్పింది. టీ ఇచ్చి వెళతానన్నది లిండా. అక్కర్లేదు, తలుపు వేయండి అన్నది వైద్యురాలు.  లిండా కళ్లు ముందు నా మీద, తర్వాత స్రవంతి మీద ఆగాయి. వెళ్లిపోయింది. ట్రాలీ గదిలోనే ఉండిపోయింది.

వైద్యురాలు అడిగి, ఓర్తాన్స్ తలూపాక, స్వెటర్ చేతులు మెల్లగా పైకి జరిపింది. మణికట్ల చుట్టూ పసుపుపచ్చగా మారిన పాత చారలు, వాటి మీద ఎర్రగా కొత్తవి. పడినప్పుడు తగిలినవి కావని చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న స్రవంతి ఇంగ్లిష్‌లో మాట్లాడింది. మధ్యాహ్నం షిఫ్టులో మనుషులు తక్కువని, ఓర్తాన్స్ లేచి తిరుగుతుంటే ఎవరూ వెంట ఉండలేరని, టీలు ఇచ్చేంతసేపూ లిండా ఆమెను కట్టి ఉంచుతుందని, ఇది ఏ కాగితంలోనూ రాయరని.  చివరికి తెలుగులోకి జారిపోయింది. “నేను రెండుసార్లు ఇప్పిన ఆంటీ. ఇంకోసారి ఇప్పితే డ్యూటీ రోస్టర్‌లోంచి తీసేస్తా అన్నది. భయమై ఊకున్న. ఇది కూడా చెప్పండి ఆమెకి.”

ఆ గదిలో నన్ను ఫ్రెంచ్‌కే పిలిచారు. అయినా వైద్యురాలి అనుమతి అడిగి ఆ తెలుగు వాక్యాలు కూడా ‘నేను’ అనే ఇంగ్లిష్‌లో చెప్పాను. రెండుసార్లు విప్పాను, భయపడి ఊరుకున్నాను అని నా నోటితో చెప్పాను.

మనిషిని కట్టి ఉంచాలంటే ఈ దేశంలో వైద్యుల నిర్ణయం, కుటుంబం అనుమతి, రాతపూర్వకమైన కారణం ఉండాలి. అవేవీ లేవు. వైద్యురాలు అక్కడి నుంచే మేనేజరుకు, ఆపైన నియంత్రణ అధికారులకు ఫోన్ చేసింది. లిండాను ఆ సాయంత్రమే డ్యూటీ నుంచి తప్పించారు. విచారణలో ఆ రెండు వైద్య పరీక్షల్లో నేను రాసుకున్న నోట్సు కూడా అడిగి తీసుకున్నారు. నా మీద ఏజెన్సీ వాళ్లు విడిగా ఒక నివేదిక రాశారు. పొరపాటు జరిగింది, దుబాషీ తనంత తానే తెలిపింది అని. కార్డు పోలేదు. ఆ నివేదిక నకలు నా దగ్గర ఉంది.

స్రవంతి ఉద్యోగం అక్కడ నిలవలేదు. ఎవరూ పొమ్మనలేదు గాని, ఎవరూ మాట్లాడలేదట. వెర్రిబీలో మరో హోమ్ వాళ్లు స్పాన్సర్ చేశారు. ఆ మార్పు వల్ల పీఆర్ రావడం చాలా ఆలస్యమైంది. వచ్చిన రోజు ఫోన్ చేసి ఆ ఒక్క మాటే చెప్పింది. ఓర్తాన్స్ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, ఇక్కడి శరత్కాలంలో, నిద్రలో పోయింది. ఈలోగా ఆమె కోసం నన్ను మూడుసార్లు పిలిచారు. మాస్కు వేసుకున్న మనిషి ఎవరు వచ్చినా ఆమె చేతులు స్వెటర్‌లోకి వెళ్లిపోయేవి. నేను గుమ్మం బయటే మాస్కు తీసి, ముఖం చూపించి, దూరంగా కూర్చుని మాట్లాడేదాన్ని. నుదుటి మచ్చ చివరిదాకా ఉంది. అది నా మాట వల్ల పడిన మచ్చ.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు నన్ను అడుగుతుంటారు, మాట చరిత్ర తెలిస్తే పనికి ఉపయోగం కాదా అని. అవుతుంది. ఒక మాటకు ఎన్ని అర్థాలు ఉండవచ్చో అది చెబుతుంది. ఎదురుగా ఉన్న మనిషి వాటిలో ఏది అంటోందో చెప్పదు. అది ఆ మనిషినే అడగాలి. అడగడానికి అర నిమిషం పడుతుంది. ఆ మంగళవారం నేను అడగకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు. అడిగితే తెలియనిదాన్ననుకుంటారని సంకోచించాను.